200 ప్లాన్‌కి 38 వస్తుంటే రౌటర్ మార్చాలా? ఆర్చర్ సీ6 కొన్న రెండు నెలల తర్వాత

రెండు నెలల క్రితం టీపీ-లింక్ ఆర్చర్ సీ6 రౌటర్ కొన్నాను. దాని గురించి చెప్పే ముందు అది కొనకముందు మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలి, ఎందుకంటే నెట్ స్లో అనగానే ఎవరైనా మొదట అనే మాట "రౌటర్ మార్చేయండి". మా విషయంలో ఆ మాట సగమే నిజమైంది.

మాది విజయనగరం, తోటపాలెం వైపు. కింద పాతకాలపు మందపాటి గోడలు, పైన తర్వాత కట్టిన రెండు గదులు. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను, రోజంతా వీపీఎన్‌లో, అంటే కంపెనీ నెట్‌వర్క్‌కి కలిపే కనెక్షన్‌లో ఉండాలి. సాయంత్రం అయ్యేసరికి పాపకి ఆన్‌లైన్ ట్యూషన్, పై గదిలో మావయ్యగారికి టీవీ. ప్లాన్ 200 ఎంబీపీఎస్. ఫోన్లో కొలిస్తే పగలు 38, రాత్రి ఏడు దాటాక ఒక్కోసారి 12. మీటింగులో నా మాట ముక్కలుముక్కలుగా వినిపిస్తోందని టీమ్ లీడ్ రెండోసారి చెప్పిన రోజు రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

కంప్లైంట్ ఇస్తే కుర్రాడు వచ్చాడు. ఫైబర్ తీసి, అందులో వచ్చే వెలుగు బలాన్ని కొలిచే మీటర్ పెట్టి చూశాడు, మైనస్ 21 డీబీఎం చూపించింది. "సిగ్నల్ బాగుంది మేడమ్, మీ రౌటర్ పాతదైపోయింది, మార్చీండి" అని వెళ్ళిపోయాడు. అబద్ధమేమీ చెప్పలేదు. ఆ అంకె సుమారు మైనస్ 8కీ మైనస్ 27కీ మధ్య ఉంటే ఫైబర్ వరకూ బాగున్నట్టే, మైనస్ 27 దాటి కిందికి పోతే మాత్రం ఎక్కడో వంపో, జాయింటో, మురికి కనెక్టరో ఉన్నట్టు. మీ ఇంటికి ఎవరైనా వస్తే ఆ అంకె అడిగి రాసి పెట్టుకోండి, తర్వాత తేడా వస్తే పోల్చి చూడొచ్చు.

మా తమ్ముడు శ్రీకాకుళంలో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాడు. వాడికి ఫోన్ చేస్తే మొదట డేటా లిమిట్ చూడమన్నాడు, చాలా ప్లాన్లలో అది దాటితే నెలాఖరు దాకా స్పీడు తగ్గించేస్తారు కదా. మాది దాటలేదు. "అయితే అక్కా, వైఫైలో కొలవడం ఆపు. బయటి ఫైబర్ వచ్చి చేరే పెట్టెకి ల్యాప్‌టాప్ నేరుగా వైరుతో పెట్టి చూడు" అన్నాడు. మాకు లాగిన్ ఆ పెట్టెలోనే ఉంది కాబట్టి వైరు పెట్టగానే నెట్ వచ్చింది. కొందరికి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రౌటర్లో ఉంటాయి, వాళ్ళు వాటిని ల్యాప్‌టాప్‌లో కొట్టుకోవాలి. పెట్టె నుంచి రౌటర్‌కి వెళ్ళే వైరునే పీకి ల్యాప్‌టాప్‌కి గుచ్చాను. 93 వచ్చింది. ఎన్నిసార్లు చూసినా 93, 94.

అంకె వినగానే వాడు "అది లైన్ కాదక్కా, వైరు చూడు" అన్నాడు. లాన్ వైరులో నాలుగు జతల తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి, అంటే 1000కి, నాలుగూ కావాలి. 100కి అక్కర్లేని రెండు జతల్లో ఒకటి తెగితే నెట్ ఆగిపోదు, మామూలుగా చప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది, అందులో మనకి చేతికొచ్చేది 94 దాకానే. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరిస్తే లింక్ స్పీడ్ నిజంగానే 100 అని ఉంది. ఆ వైరు బీరువా కాలు కింద నలిగి ఉంది, ఎన్నాళ్ళ నుంచో తెలీదు. రెండు మీటర్ల క్యాట్ 6 వైరు కొత్తది తెచ్చి పెడితే 198. అంటే గుమ్మం దాకా రావాల్సింది వస్తూనే ఉంది.

వైరు మార్చినంత మాత్రాన వైఫై బాగుపడలేదు. ఇక్కడ ఇంకో పరీక్ష చేశాం, నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. రాత్రి ఏడున్నరకి, నెట్ బాగా ఏడిపిస్తున్నప్పుడు, ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రౌటర్ అడ్రస్‌కి, మాకైతే 192.168.1.1, పింగ్ కొట్టాను, అంటే చిన్న మాట పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూశాను. అది మన ఇంట్లోంచి మన ఇంట్లోకే వెళ్ళొచ్చే మాట, నెట్ ఇచ్చే కంపెనీతో సంబంధం లేదు. వైరు మీద 1 మిల్లీసెకను. వైఫై మీద 4, 180, 320, ఒకసారి జవాబే లేదు. నా మీటింగ్ తెగిపోతున్నది నా గదికీ హాలుకీ మధ్యనే అని తేలిపోయింది. రౌటర్‌కి పింగ్ బాగుండి బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి మాత్రం ఎగిరెగిరి పడుతుంటే అప్పుడు ఆపరేటర్‌ని గట్టిగా అడగండి, మీ చేతిలో ఆధారం ఉంటుంది.

వైఫై ఎనలైజర్ ఆప్ పెట్టి చూస్తే మా చుట్టుపక్కల ఇళ్ళవి 17 నెట్‌వర్కులు కనిపించాయి, అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై తరంగాల బ్యాండులోనే. ఆ బ్యాండులో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్ళు 1, 6, 11 మాత్రమే. మాదీ 6లోనే ఉంది, మిగతావాళ్ళు చాలామందీ అందులోనే. సాయంత్రం అందరూ ఇంటికి చేరాక స్పీడు ఎందుకు పడిపోతోందో అర్థమైంది. ఛానెల్ 11కి మార్చి, ఛానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ నుంచి 20కి తగ్గించాను. ఇనప బీరువా వెనక ఉన్న రౌటర్‌ని తీసి హాలు గోడకి ఎత్తులో పెట్టాను. రాత్రి 12 వచ్చే చోట 35, పగలు 60. వైరు ఖర్చు తప్ప ఒక్క రూపాయి పెట్టలేదు.

మా ప్లాన్ 50 అయ్యుంటే ఇక్కడితో ఆగిపోయేదాన్ని, మీరూ ఆగిపోండి. కానీ నెలనెలా 200కి డబ్బు కడుతున్నాం, పాత రౌటర్ వెనక పోర్టులు 100వే, కాబట్టి దాని గుండా 94కి మించి రాదు. రెండో వైఫై బ్యాండు, 5 గిగాహెర్ట్జ్, అసలే లేదు. దానికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చి కూడా ఏళ్ళైంది. ఇవి సెట్టింగులతో పోయేవి కావు, అందుకే కొన్నాం.

కోట దగ్గర ఒక కంప్యూటర్ షాపులో ఆయన మొదట ఆరు యాంటెన్నాలది చూపించి "ఇది ఇల్లంతా వస్తుందమ్మా" అన్నారు. పోర్టులు గిగాబిట్టేనా అని అడిగితే డబ్బా తిప్పి చూసి, కాదన్నారు. సీ6కి నాలుగు యాంటెన్నాలే, పోర్టులన్నీ గిగాబిట్. 2,300 పడింది. ఇంకో పదిహేను వందలు వేస్తే ఇంకా కొత్త తరం, వైఫై 6ది ఇస్తానన్నారు. మా ల్యాప్‌టాప్, ఫోన్లు అన్నీ వైఫై 5 వరకే, అందుకే వద్దన్నాను. మీ ఇంట్లో కొత్త ఫోన్లే ఎక్కువుంటే ఆ డబ్బు పెట్టడమే మంచిది.

టెథర్ ఆప్‌తో పది నిమిషాల్లో సెట్ అయ్యింది. లాగిన్ ఎలాగూ ఫైబర్ పెట్టెలో ఉంది కాబట్టి దీన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైఫై మాత్రం పంచేలా పెట్టాం. హాల్లో 5 గిగాహెర్ట్జ్ మీద 195 వస్తోంది. ఒక గోడ దాటి నా గదిలో 150, 160. రాత్రి ఏడున్నరకి కూడా అంతే, రౌటర్‌కి పింగ్ 3 మిల్లీసెకన్లు దాటడం లేదు. రెండు నెలల్లో మీటింగ్ ఒక్కసారి కూడా తెగలేదు, ఆ నిశ్చింత ముందు 2,300 నాకు ఎక్కువ అనిపించలేదు.

పై గదికి మాత్రం 5 గిగాహెర్ట్జ్ చేరదు, శ్లాబు, మందపాటి గోడ దాటేసరికి 20 కూడా కష్టం. అది ఈ మోడల్ లోపం కాదు, ఆ బ్యాండు తీరే అంత. డబ్బా మీద 867 అని ఉంటుంది, అది రౌటర్‌కీ ఫోన్‌కీ మధ్య లెక్క, నెట్ స్పీడు అనుకుని కొనకండి. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు ఉంటే ల్యాప్‌టాప్ అటూ ఇటూ మారేటప్పుడు నా వీపీఎన్ తెగేది, పేర్లు విడివిడిగా పెట్టాక ఆ బాధ పోయింది.

కరెంటు విషయం ఒకటి. దీని అడాప్టర్ 12 వోల్టులది, ఫైబర్ పెట్టెదీ అంతే, రెండూ ఒక మినీ యూపీఎస్ మీద నడుస్తున్నాయి. గాలివానకి మా వీధిలో కరెంటు పోయినా, ఆపరేటర్ వైపు కరెంటు ఉన్నంతసేపు నెట్ వస్తూనే ఉంటుంది. మీ అడాప్టర్ల మీద వోల్టులు, యాంపులు చూసుకునే యూపీఎస్ కొనండి.

పాత రౌటర్‌ని పారేయలేదు. తమ్ముడు పండక్కి వచ్చినప్పుడు మెట్ల పక్క నుంచి ఒక వైరు లాగి దాన్ని పై గదిలో పెట్టాడు, డీహెచ్‌సీపీ, అంటే ఫోన్లకీ టీవీకీ అడ్రసులు పంచే పని, అందులో ఆపేసి, వైరు లాన్ పోర్టులో గుచ్చి. 4కే సినిమాకైనా 25 ఎంబీపీఎస్ చాలు, అక్కడ వైరు మీద టీవీకి 90 వస్తోంది. మావయ్యగారు టీవీ ఆగిందని కిందికి పిలవడం మానేశారు.