నెత్తి పలచబడితే ఏ సీసా కొనాలి? బెజవాడ ఎండల్లో పైపూత మందుల తూకం

బెజవాడ సూర్యారావుపేటలో కానీ, గుంటూరు కొత్తపేటలో కానీ మందుల షాపుకెళ్లి "జుట్టు ఊడకుండా ఏదైనా ఇవ్వండి" అని అడిగి చూడండి. కౌంటర్ మీద ఐదారు డబ్బాలు వరుసగా వచ్చి కూర్చుంటాయి. 5 శాతం మినాక్సిడిల్ ద్రావణం, అదే మందు నురగగా, ఫినాస్టరైడ్ కలిపిన సీసా, రెడెన్సిల్ సీరమ్, రోజ్‌మేరీ నూనె, కీటోకోనజోల్ షాంపూ. మగవాళ్ల బట్టతలకి పైపూతగా వీటన్నిటిలో ఎక్కువ గట్టి ఆధారం ఉన్నది మినాక్సిడిల్‌కే. మిగతావాటిలో కొన్ని దానికి తోడుగా పనికొస్తాయి, కొన్ని దాని పేరు పక్కన పెట్టుకుని అమ్ముడవుతాయి.

డబ్బులు తీసే ముందు మీది అసలు ఈ మందుకి లొంగే రకమేనా చూసుకోండి. కణతల దగ్గర నుదురు వెనక్కి జరగడం, నడినెత్తిన చర్మం కనపడటం, ఏళ్ల తరబడి మెల్లగా పలచబడటం, ఇంట్లో తండ్రికో మేనమామకో అదే తీరు ఉండటం: ఇవి ఉంటే బట్టతల లెక్కే. రూపాయి బిళ్లంత గుండ్రంగా నున్నగా ఊడితే అది పేనుకొరుకుడు, దాని వైద్యం వేరు. డెంగీయో టైఫాయిడో వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకి తలంతా ఒకేలా, దువ్వెన నిండా రాలుతుంటే అది జ్వరం తాలూకు రాలడం. చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. పొట్టు, చీము, పుండ్లు ఉంటే ఏ సీసా కొనొద్దు, చర్మవైద్యుడికి చూపించండి. రెండు ఊళ్ల ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల్లోనూ చర్మవ్యాధుల ఓపీ ఉంది.

ఇక మినాక్సిడిల్ సంగతి. ఇది మొదట రక్తపోటు మాత్ర, అమెరికాలో 1979లో అనుమతి వచ్చింది. మింగినవాళ్లకి ఒంటి మీద వెంట్రుకలు మొలవడం చూసి దాన్ని పైపూతగా మార్చారు. 1988లో మగవాళ్ల జుట్టుకి 2 శాతం ద్రావణం వచ్చింది, తర్వాత 5 శాతం. 2002లో అచ్చయిన 48 వారాల పరీక్షలో 2 శాతం కన్నా 5 శాతం వాడిన మగవాళ్లకి 45 శాతం ఎక్కువ జుట్టు మొలిచింది. అందుకే షాపులో 2 శాతం ఇస్తే తిరిగిచ్చేయండి. 10, 15 శాతం అని ఆన్‌లైన్‌లో కనిపించేవాటి జోలికీ వెళ్లొద్దు. శాతం పెరిగేకొద్దీ మంట పెరుగుతుంది, ఆరాక తెల్ల పొడి కూడా రాలుతుంది, జుట్టు మాత్రం ఆ లెక్కన పెరగదు.

ఈ మందు నేరుగా పనిచేయదు. కుదుళ్లలో ఉండే సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్ దాన్ని మినాక్సిడిల్ సల్ఫేట్‌గా మార్చాలి. ఆ ఎంజైమ్ కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. ఒకే సీసా వాడి అన్నకి మొలిచి తమ్ముడికి మొలవకపోవడానికి ఇదొక కారణం, కంపెనీ మార్చినంత మాత్రాన ఇది మారదు. టుగైన్, మింటాప్... ఏ కంపెనీ పేరైనా 5 శాతం సాదా ద్రావణం అంటే లోపల మందు ఒకటే, మి.లీ.కి 50 మిల్లీగ్రాములు. తేడా దాన్ని కరిగించిన ద్రవంలో ఉంటుంది. అసలు చూసి కొనాల్సింది దాన్నే.

సాదా ద్రావణంలో ఆల్కహాల్, నీళ్లు, ప్రొపిలీన్ గ్లైకాల్ ఉంటాయి. మందు కరిగి ఉండటానికి, చర్మంలోకి దిగడానికి ఈ గ్లైకాల్ పనికొస్తుంది. దురద, పొట్టు, ఎర్రదనం వచ్చేదీ ఎక్కువగా దీనివల్లే. జుట్టు జిడ్డుగా అట్టకట్టేదీ దీనితోనే. నురగలో ఇది ఉండదు. కాబట్టి దురద రాగానే "నాకు మినాక్సిడిల్ పడదు" అని మానేయకుండా నురగకి మారి చూడటం తెలివైన పని. నురగ రాసినా దురద తగ్గకపోతే అప్పుడు మందు మీదే అనుమానపడాలి.

ద్రావణం రాసే తీరు: తల పూర్తిగా ఆరి ఉండాలి. డ్రాపర్‌లో 1 మి.లీ. గీత వరకు తీసుకోండి. పలచబడ్డచోట పాపిడి తీసి చర్మం మీద చుక్కలుగా వదలండి, పక్కన ఇంకో పాపిడి తీసి మళ్లీ వదలండి. నాలుగైదు పాపిళ్లలో ఆ 1 మి.లీ. అయిపోవాలి. వేలి కొసతో పరిచి చేతులు కడుక్కోండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. చాలామంది చేసే తప్పు, వెంట్రుకల మీద పోసి తలంతా రుద్దేయడం. వెంట్రుకకి పట్టిన మందు వెంట్రుకకే పోతుంది, కుదురుకి చేరదు. డబ్బాలో వచ్చే స్ప్రే పంపు జుట్టు ఒత్తుగా ఉన్నచోట దండగ, మాడు బోడిగా ఉంటేనే బాగుంటుంది. ఎన్ని నొక్కులకి 1 మి.లీ. వస్తుందో పంపును బట్టి మారుతుంది, లోపలి కాగితంలో చూసుకోండి. రెట్టింపు పోస్తే రెట్టింపు మొలవదు, ఒంట్లోకి దిగే మందు మాత్రం పెరుగుతుంది.

రాశాక నాలుగు గంటలు తల తడపకూడదు. పడుకునే ముందు కనీసం రెండు గంటలు ఆరనివ్వండి. లేకపోతే దిండుకి అంటి, దిండు నుంచి చెంపకి అంటి, నుదుటి మీదా చెంపల మీదా నూగు మొలుస్తుంది. హెల్మెట్ కూడా ఆరాకే. తడి తల మీద పెడితే సగం మందు లోపలి స్పాంజికి పోతుంది. మే నెలలో మధ్యాహ్నం బందరు రోడ్డు మీద బండి నడిపేవాడికి హెల్మెట్ కింద చెమట కారి మందు కళ్లలోకి దిగుతుంది, భగ్గున మండుతుంది. ఆ ఎండ రోజుల్లో పొద్దుటి మోతాదు బయల్దేరే ముందు కాకుండా లేవగానే రాసుకోవడం మేలు. మిర్చి యార్డులో పనిచేసేవాళ్లు యార్డు నుంచి రాగానే రాయొద్దు. కారం దుమ్ము పట్టిన నెత్తి మీద ఆల్కహాల్ పడితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ముందు తలస్నానం, ఆరాక మందు.

నురగ దగ్గరికి వస్తే, మన ఎండే దానికి శత్రువు. ఒంటి వేడికే కరిగేలా దాన్ని తయారుచేశారు. 45 డిగ్రీల రోజున వేలి మీద నొక్కితే నురగ నిలవదు, నీళ్లై మణికట్టు దాకా కారుతుంది. చేతులు చన్నీళ్లతో కడిగి, తుడుచుకుని, అప్పుడు వేళ్ల మీద సగం మూత నురగ తీసుకుంటే నిలుస్తుంది. అది నొక్కి నింపిన డబ్బా, 50 డిగ్రీల వేడి తగిలితే ప్రమాదం. స్కూటర్ డిక్కీలో, ఎండలో నిలిపిన కారులో మధ్యాహ్నం అంత వేడి సులువుగా వస్తుంది. షాపు నుంచి నేరుగా ఇంటికి తీసుకెళ్లండి. ద్రావణం కూడా ఆల్కహాలే కాబట్టి తల ఆరేదాకా పొయ్యి దగ్గరికి, దేవుడి గదిలో కర్పూరం దగ్గరికి వెళ్లొద్దు. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకో జాగ్రత్త: మినాక్సిడిల్ పిల్లులకి విషం. దిండు నాకినా, తల నాకినా ప్రాణం మీదికి వస్తుంది.

ధర తేడా ఇక్కడే తేలుతుంది. రోజుకి 2 మి.లీ. చొప్పున 60 మి.లీ. సీసా సరిగ్గా నెల వస్తుంది, ఏడాదికి 12. నురగ దీనికన్నా ఖరీదు. దురద లేనివాడికి నురగ అదనపు సుఖమే తప్ప అదనపు జుట్టు కాదు. మా తూకంలో మొదటి సీసా సాదా ద్రావణమే.

మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య కొందరికి జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. ఎక్కువ మంది భయపడి సీసా మూలన పడేసేది ఇక్కడే. నిద్రపోతున్న కుదుళ్లని మందు లేపుతుంది, కొత్త వెంట్రుక పాతదాన్ని తోసేస్తుంది, అంతే. మూడు నెలలు దాటినా అలాగే రాలుతుంటే మాత్రం చూపించుకోవాలి. గుండె దడ, కళ్లు తిరగడం, ఛాతీ నొప్పి, చీలమండల వాపు, ఉన్నట్టుండి బరువు పెరగడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు మొదలుపెట్టే ముందే అడగాలి.

మన దగ్గర తప్పక వచ్చే ప్రశ్న గుండు గురించి. తిరుమలలోనో కొండ మీద అమ్మవారి దగ్గరో తలనీలాలు ఇస్తే ఒత్తుగా వస్తుందన్న మాటకి ఆధారం లేదు. కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తి దాన్ని తాకదు. కొస మొద్దుగా తెగడం వల్ల చేతికి బిరుసుగా తగిలి ఒత్తు అనిపిస్తుంది. మందు వాడేవాళ్లకి గుండు మంచి అవకాశమే, నేరుగా చర్మానికి రాయొచ్చు. కాకపోతే కత్తి గాట్లు పూర్తిగా మానేదాకా ఆగాలి. మామూలు చర్మం నుంచి సగటున 1.4 శాతం మందే ఒంట్లోకి దిగుతుంది, గాట్లు ఉంటే ఆ లెక్క తప్పుతుంది. అయ్యప్ప, భవానీ దీక్షల్లో 41 రోజులు పూటపూటా తలస్నానం కదా అని కొందరు మానేస్తారు. నిజానికి వేళలు బాగా కుదురుతాయి. తెల్లవారుజామున స్నానం, తల ఆరాక ఒక మోతాదు, సాయంత్రం స్నానం తర్వాత ఇంకోటి. మధ్యలో నాలుగు గంటలు కాదు, ఎనిమిది గంటలే దొరుకుతాయి. అందులో ఆల్కహాల్ ఉంది కాబట్టి దీక్షలో రాయొచ్చా అన్నది మాత్రం గురుస్వామి తేల్చాల్సిన మాట.

ఫినాస్టరైడ్ కలిపిన సీసాలు షాపుల్లో బాగానే తిరుగుతున్నాయి, ఎక్కువగా 5 శాతం మినాక్సిడిల్‌తో 0.1 శాతం ఫినాస్టరైడ్. బట్టతలకి మూలమైన డీహెచ్‌టీ హార్మోన్‌ని అది తగ్గిస్తుంది కాబట్టి ఆలోచన సరైనదే. అయితే "పైపూతే కదా, ఒంట్లోకి పోదు" అనే మాట నిజం కాదు, కొంత రక్తంలోకి చేరుతుంది. డాక్టర్ చీటీతో అమ్మాల్సిన మందు ఇది. 2025 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అక్కడ ఫార్మసీల్లో కలిపి అమ్మే పైపూత ఫినాస్టరైడ్ గురించి హెచ్చరించింది. 2019 నుంచి 2024 వరకు 32 ఫిర్యాదులు వచ్చాయని, వాటిలో లైంగిక సమస్యలు, దిగులు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయని చెప్పింది. ఇంట్లో గర్భిణి ఉంటే మరీ జాగ్రత్త. కడుపులో మగబిడ్డ ఉంటే అవయవాల ఎదుగుదలకి ముప్పు, కాబట్టి ఆమె ఆ దిండు, తువాలు, మందు రాసిన తల ముట్టుకోకూడదు. కౌంటర్ కుర్రాడు "ఇది ఇంకా స్ట్రాంగ్ అండీ" అని చేతిలో పెడితే తీసుకునే సరుకు కాదిది.

మినాక్సిడిల్‌లో ట్రెటినాయిన్ (మొటిమలకి రాసే మందు) కలిపిన సీసాలు మన ఎండకి ఇంకా ఇబ్బంది. చర్మం పల్చబడి ఎండకి మండుతుంది. వాడాల్సి వస్తే రాత్రి పూట, డాక్టర్ చెబితేనే.

రెడెన్సిల్, ప్రోకాపిల్, క్యాపిక్సిల్, అనాగైన్ సీరమ్‌లు మందులు కావు, సౌందర్య సాధనాలు. వాటికి చూపించే లెక్కలు చాలావరకు ఆ ముడిసరుకు తయారుచేసే కంపెనీలవే. జిడ్డు ఉండదు, వాసన బాగుంటుంది, దురద తక్కువ. ఖరీదు మాత్రం మినాక్సిడిల్‌కి తీసిపోదు. మినాక్సిడిల్ ఏ రూపంలోనూ పడనివాళ్లు సరదాగా ప్రయత్నించొచ్చు, అంతకు మించి సిఫారసు చేయం.

రోజ్‌మేరీకి ఒక పరీక్ష ఉంది. 2015లో అచ్చయింది, 100 మంది, ఆరు నెలలు, 2 శాతం మినాక్సిడిల్‌తో పోలిక. చివరికి రెండూ దాదాపు సమానం. ప్రకటనల్లో "మినాక్సిడిల్‌తో సమానం" అని రాసేవాళ్లు ఆ 2 శాతం మాట మింగేస్తారు. ఉల్లిరసం పరీక్ష 2002లో జరిగింది, కానీ అది పేనుకొరుకుడు మీద, బట్టతల మీద కాదు. గుంటగలగరాకు, మందారం, ఆముదం, కొబ్బరినూనె ఉన్న జుట్టుని మెత్తగా, తెగకుండా ఉంచుతాయి. రాయండి, తప్పు లేదు. కానీ నూనె తల మీద మినాక్సిడిల్ దిగదు. ఆదివారం నూనె అంటి, గంట ఆగి తలంటుకుని, ఆరాక మందు రాస్తే రెండూ దక్కుతాయి.

కీటోకోనజోల్ 2 శాతం షాంపూ కొనదగ్గదే, జుట్టు మొలిపిస్తుందని కాదు. మన ఉక్కకి చుండ్రు ఎక్కువ, చుండ్రు తల మీద మినాక్సిడిల్ దురద రెట్టింపు. వారానికి రెండుసార్లు, నురగ మూడు నుంచి ఐదు నిమిషాలు తల మీద ఉంచి కడగండి. వెంటనే కడిగేస్తే డబ్బు కాలువలో పోసినట్టే.

నెత్తి మీద తిప్పే సన్న సూదుల రోలర్ గురించి కూడా అడుగుతుంటారు. 2013లో మన దేశంలోనే 100 మంది మగవాళ్ల మీద జరిగిన పరీక్షలో వారానికోసారి రోలర్, దానితోపాటు మినాక్సిడిల్ వాడినవాళ్లకి 12 వారాల్లో సాదా మినాక్సిడిల్ కన్నా బాగా ఎక్కువ మొలిచింది. ఆ పరీక్షలో రోలర్ వాడాక 24 గంటలు మందు రాయలేదు. ఇళ్లలో జనం చేసేది సరిగ్గా తిరగేసి: రోలర్ తిప్పి వెంటనే పోయడం. దానితో మంట, దడ రెండూ వస్తాయి. చర్మవైద్యుడి దగ్గర చేయించుకోవడమే నయం.

ఫలితం కొలవాలంటే అద్దం పనికిరాదు. నెలకోసారి ఒకే చోట, ఒకే లైటు కింద, పొడి తలతో నడినెత్తి ఫొటో తీయించుకోండి. నాలుగు నెలల దాకా పోల్చొద్దు. ఎక్కువ ఆశ నడినెత్తి మీద పెట్టుకోవచ్చు, నుదుటి గీత దగ్గర తక్కువ. నున్నగా మెరిసే బట్టతల మీద ఏమీ మొలవదు, సన్నబడిన వెంట్రుకలు మిగిలి ఉన్నచోటే అవి లావవుతాయి. పనిచేస్తే వాడుతూనే ఉండాలి, ఆపిన మూడు నుంచి ఆరు నెలల్లో వచ్చింది పోతుంది. రాలడం ఆగి ఉన్నది నిలబడినా అది ఫలితమే. పన్నెండు సీసాలు తప్పకుండా వాడాక మొదటి ఫొటోకీ చివరి ఫొటోకీ మధ్య జుట్టు ఇంకా పలచబడే ఉంటే, పదమూడోది కొనకండి.