ఉమామహేశ్వరంలో నీలి పిట్ట, అచ్చంపేటలో తాళం వేసిన గేటు

పిట్టల కోసం నల్లమల వెళ్ళేవాళ్ళు అచ్చంపేటలో గది తీసుకునే ముందే అడగండి, తెల్లవారుజామున గేటు ఎవరు తీస్తారని. ఫోన్‌లో 1,200 అన్న గది, బ్యాగులు దింపాక 1,800 అయింది. అదేమంటే "శనివారం రేటు సార్" అన్నారు. వేడినీళ్ళు బకెట్‌కు 30. అవన్నీ సర్దుకున్నాం. ఐదున్నరకే వెళ్తామని రాత్రి పదేపదే చెప్పి పడుకున్నాం. పొద్దున చూస్తే గేటుకు తాళం. తాళంచెవి ఉన్న అబ్బాయి ఇంటికెళ్ళాడట, మేనేజర్ ఫోన్ ఎత్తడు. తీసేసరికి ఏడుంబావు! పిట్టలు బాగా పలికే వేళంతా లాడ్జి మెట్ల మీదే పోయింది. సారీ అన్నవాళ్ళు కూడా లేరు. మా బావమరిది కారులో నోరు విప్పలేదు.

ఉమామహేశ్వరం మా కోపాన్ని చల్లార్చింది. రంగాపూర్ దాటి ఘాట్ ఎక్కితే కొండచరియ కింద గుడి, బండల్లోంచి ఊరే నీళ్ళు, పైన చిక్కటి చెట్లు. ఆ నీడలో ఎండెక్కాక కూడా ఒక పిట్ట పాడుతోంది. గాజులు కదిలినట్టు చిన్న చిన్న స్వరాలు, మధ్యలో "టిక్ టిక్". బావమరిదే ముందు చూశాడు: కింది కొమ్మ మీద నిటారుగా, పిచ్చుకంత పిట్ట. వీపు ముదురు నీలం, గొంతూ రొమ్మూ నారింజ, పొట్ట తెలుపు. టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్, మగది. చలికాలంలో హిమాలయాల నుంచి దిగే బ్లూ థ్రోటెడ్ ఫ్లైక్యాచర్‌తో దీన్ని పొరబడతారు. గొంతు చూడండి చాలు, దానికి నీలం, దీనికి నారింజ. ఆడదాని రంగులు వెలిసినట్టుంటాయి. కొమ్మ మీంచి లేచి పురుగును గాల్లోనే పట్టుకుంటుంది. చీకటి పడ్డాక కూడా కాసేపు వేటాడుతుంది. చెట్టు తొర్రలోనో బండల సందులోనో గూడు పెడుతుంది కాబట్టి, ఇలాంటి చోటు దానికి అన్నివిధాలా సరిపోయింది. బావమరిది గంటసేపు కదల్లేదు, టిఫిన్ మాటే ఎత్తలేదు.

మర్నాడు ఫరహాబాద్ సఫారీ బాగానే జరిగింది. జింకలు, నెమళ్ళు కనిపించాయి, పులి లేదు. ఇంజిన్ మోతలో చిన్న పిట్టలు మాత్రం దొరకవు. వాటికోసమైతే సఫారీ డబ్బు మిగుల్చుకుని గుడి మెట్ల దగ్గర కూర్చోండి.

లాడ్జి అసలు వద్దు. హైదరాబాద్‌లో మూడున్నరకు బండి తీస్తే తెల్లారేసరికి రంగాపూర్ చేరొచ్చు. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లు ఆపేది మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర, రంగాపూర్ దానికి ఇవతలే.