షాక్ కాలర్: రెండున్నరేళ్లు వాడాక

మా చిట్టి ముధోల్ జాతి ఆడకుక్క. బాగల్‌కోట్ జిల్లా దాకా వెళ్లి, రెండు నెలల పిల్లప్పుడు తెచ్చుకున్నాం. శంకర్‌పల్లి దగ్గర మాకు రెండెకరాల మామిడి తోట ఉంది, పక్క నుంచే మేకల బాట. వేటకుక్కకీ మేకల బాటకీ పొత్తు కుదరదని ముందే ఆలోచించాల్సింది. ఏడాది నిండగానే చిట్టి ఓ మేకపిల్లను పట్టేసింది. మేకల తాతకు తొమ్మిది వేలు ఇచ్చాను. ఆయన నోట్లు లెక్కపెట్టి రుమాల్లో కట్టుకుంటూ, "ఈసారికైతే ఊకుంటున్న సారూ. మళ్లైతే నేనేం జేస్తనో నాకే తెల్వదు" అన్నాడు. నాకు అర్థమైంది. అన్నంలో మందు పెట్టి గట్టు మీద పడేస్తే కుక్క కథ అంతటితో సరి.

ఆ టెన్షన్‌లో కొన్నాను ఈ కాలర్. బ్రాండ్ పేరు రాయను, ఈ రకం కాలర్లన్నీ దాదాపు ఒకే తీరులో ఉంటాయి. మెడ పట్టీకి అగ్గిపెట్టెంత డబ్బా, దానికి చర్మాన్ని తాకే రెండు లోహపు ముళ్లు, మన చేతిలో రిమోట్. బీప్, వైబ్రేషన్, షాక్ అని మూడు మీటలు. షాక్‌కు 0 నుంచి 99 దాకా నంబర్లు. అట్ట మీద మాత్రం షాక్ అనే మాట ఎక్కడా లేదు, 'స్టిమ్యులేషన్' అని ఉంది. 800 మీటర్ల దూరం పనిచేస్తుందని కూడా ఉంది. మా చెట్ల మధ్య 250 దాటితే అందలేదు. మొదట్లో చార్జింగ్ మూడు రోజులు నిలిచేది, ఏడాది తర్వాత ఒక్కరోజుకు పడిపోయింది.

చిట్టి మెడకు కట్టే ముందు నా ముంజేతి మీద పెట్టి చూసుకున్నాను. 10కి ఏమీ తెలియలేదు. 20కి చీమ కుట్టినట్టుంది. 45కి చెయ్యి దానంతట అదే ఎగిరింది, నోట్లోంచి ఓ బూతు కూడా వచ్చింది. అప్పుడు ధైర్యంగా 'ఇంతేనా' అనుకున్నాను. కానీ నొక్కింది నేనే, ఎప్పుడు వస్తుందో నాకు తెలుసు. చిట్టికి ఆ రెండూ లేవన్న సంగతి చాలా ఆలస్యంగా తట్టింది.

పని చేసిందా అంటే చేసింది. మూడు వారాల్లో మేకల వైపు పరుగు ఆగింది. మేకల తాత కూడా మెచ్చుకున్నాడు.

ఆ తర్వాతే ఒక్కొక్కటీ బయటపడ్డాయి. ముందు మెడ. ముధోల్‌కు వెంట్రుక పలచన, మెడ సన్నం. ఓ రాత్రి తీయడం మరిచిపోయి తెల్లారి చూస్తే ముళ్లున్న చోట రెండు ఎర్రటి పుండ్లు. కరెంటుకు కాలిందని కంగారుపడ్డాను. డాక్టరు గారు చూసి, కాలడం కాదు, ముళ్లు గంటల తరబడి ఒత్తుకుని వచ్చిన పుండ్లన్నారు. ఎవరైనా ఇప్పటికే వాడుతుంటే కనీసం ఇది గుర్తుపెట్టుకోండి: రాత్రి తీసేయాలి, పగలైనా కొన్ని గంటలకోసారి జరపాలి.

తర్వాత ఆవులింతలు. నేను రిమోట్ కోసం జేబులో చెయ్యి పెడితే చాలు, చిట్టి మూతి నాక్కుని ఆవులించేది. ఎండకు నిద్రొస్తోంది కాబోలు అనుకునేవాణ్ణి. ఇంగ్లండ్‌లోని లింకన్ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన 2014లో వచ్చింది. 63 కుక్కలు, ఎక్కువగా గొర్రెల వెంట పడేవీ పిలిస్తే రానివీ. అచ్చం మా కేసే. కాలర్‌తో నేర్పిన కుక్కలు బిగుసుకుని ఉండటం, ఎక్కువగా ఆవులించడం అందులో రాశారు. అది నిద్ర కాదు, ఒత్తిడి. కాలర్ లేకుండా తిండి, మెప్పుతో నేర్పించుకున్నవాళ్లు కూడా తమ కుక్కలు అంతే బాగుపడ్డాయన్నారట. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది గంట. శ్రీశైలం వెళ్లినప్పుడు అమ్మ పూజకు చిన్న కంచు గంట కొనుక్కొచ్చింది. మర్నాడు హారతి ఇస్తూ మోగించగానే చిట్టి వణుకుతూ మంచం కిందికి దూరి అక్కడే పోసేసుకుంది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత తట్టింది, మేకల మెడలో గంటలుంటాయి. నేను 'మేకల జోలికి పోవద్దు' అని నేర్పుతున్నాననుకున్నాను. ఆమె 'గంట మోగితే మెడలో నొప్పి పుడుతుంది' అని నేర్చుకుంది. షాక్ తగిలిన క్షణాన కళ్ల ముందు, చెవిలో ఏముంటే దానికే ముడిపెట్టుకుంటాయి కుక్కలు. అది మేకే కావాలని లేదు. పసిపిల్ల కావచ్చు, పక్కింటాయన స్కూటర్ కావచ్చు.

ఆ రోజుతో ఆపేశానని రాస్తే బాగుండేది. ఆపలేదు. ఇంకో ఐదు నెలలు వాడాను.

ఆపింది వేరే రోజు. ఆఫీసు ఫోన్‌లో పెద్ద గొడవై పెట్టేశాను. చిట్టి డ్రిప్ పైపు దగ్గర మట్టి తవ్వుతోంది. మేకల్లేవు, ఏమీ లేవు. నొక్కేశాను, 45. కుయ్యిమని ఎగిరి, పాక్కుంటూ నా కాళ్ల దగ్గరికే వచ్చి పడుకుని ఆవులించింది. కర్ర ఎత్తాలంటే లేవాలి, నడవాలి, ఈలోపు కోపం కాస్త దిగుతుంది. దీనికి బొటనవేలు కదిపితే చాలు.

కాలర్‌ను సమర్థించేవాళ్ల మాటల్లో గట్టిది ఒకటుంది, నేనూ అదే అనేవాణ్ణి: జీవితాంతం గొలుసుకు కట్టేయడం కంటే, మందు తిని చావడం కంటే రెండు సెకన్ల నొప్పి నయం కదా అని. నిజమే, ఆ రెండే దారులుంటే. నాకు మూడోది ఉండింది, మేకల బాట వైపు కంచె. నలభై వేలవుతుందని వాయిదా వేశాను. అంటే నా నలభై వేలు మిగలడానికి నొప్పి చిట్టి పడింది.

వేల్స్‌లో 2010 నుంచే ఈ షాక్ కాలర్లను కుక్కలకు, పిల్లులకు వాడకూడదు. మన దగ్గర 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉంది, అనవసరంగా బాధపెట్టడం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. టీ, సమోసా ఖర్చు.

ఇప్పుడు కంచె వేయించాను. పదిహేను మీటర్ల తాడు, విజిల్, జేబులో ఉడికించిన కోడి కార్జం. విజిల్ వేస్తే పదిసార్లలో ఎనిమిదిసార్లు వస్తోంది. మిగతా రెండుసార్ల కోసమే తాడు. కాలర్‌తో వచ్చిన మార్పుకు మూడు వారాలు పడితే దీనికి ఏడు నెలలు పట్టింది, జేబులన్నీ వాసన.

'షాక్ వద్దు, బీప్ ఒక్కటే వాడొచ్చుగా' అని అడుగుతుంటారు. మొదటి నుంచీ బీప్ కొట్టి కార్జం పెడితే ఏమో. బీప్ తర్వాత షాక్ తిన్న కుక్కకు ఆ రెండూ ఒకటే, మా చిట్టి బీప్ వింటేనే తోక ముడుస్తుంది.

వస్తువుగా చూస్తే ఐదుకు మూడు స్టార్లు. కొనమంటారా అంటే, నేను మళ్లీ కొనను. పాతదాన్ని అమ్మేయమని తమ్ముడన్నాడు, ఐదు వేలొస్తాయట. ఇంకో కుక్క మెడకు వెళ్తుందని అమ్మలేదు, ముళ్లు ఊడదీసి పాత సామాన్లలో పడేశాను.

గంట భయం మాత్రం పోలేదు. అమ్మ ఇప్పటికీ గంట కొట్టకుండానే హారతి ఇస్తోంది.