ఆ సంక్రాంతి క్రాఫ్ట్ కిట్ కొనకండి, నేను కొని మునిగాను

పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. పండగ వస్తోందంటే చాలు, పిల్లల కిట్ల రీల్స్‌తో మన ఫోన్లు నింపేసే ఆ పేజీయే. "పండగ చేస్తూ ఆకారాలు నేర్పండి" అంటే పడిపోయాను. గాలిపటానికి చతురస్రం, తోకకు త్రిభుజాలు, సూర్యుడికి వృత్తం, చెరకు గడకు దీర్ఘచతురస్రాలు, అన్నీ మందపాటి అట్ట మీద కత్తిరించే వస్తాయన్నారు. మా పాపకీ, ఎదురు ఫ్లాట్ పిల్లలు ముగ్గురికీ కలిపి నాలుగు కిట్లు, ఒక్కోటి 449. మొత్తం 1,796 రూపాయలు ముందే యూపీఐలో కొట్టేశాను, మహా తెలివైనదాన్ని కదా!

భోగికి రావాల్సింది కనుమ సాయంత్రం వచ్చింది. విప్పితే అట్ట లేదు, జిరాక్స్ కాగితాల మీద గీతలు. మనమే కత్తిరించుకోవాలట. గ్లూ స్టిక్ ఎండి రాయైపోయింది. అదీ పోనీ అనుకుని గాలిపటం కాగితాన్ని మూలకు మూల కలిపి మడిచాను, అంచులు కలవలేదు. చతురస్రమైతే రెండు సమానమైన త్రిభుజాలు రావాలి. పిల్లలకు నేను చూపిద్దామనుకున్నదే ఆ మడత! ఇక సూర్యుణ్ణి చూసి మా నాలుగేళ్ల పాప "అమ్మా, కోడిగుడ్డు" అంది.

ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టాను. రెండు గంటలకి వాయిస్ మెసేజ్ వచ్చింది. "గుండ్రంగానే ఉంది కదా మేడమ్. చిన్నపిల్లలకి ఏం తెలుస్తుంది, మీరే ఎక్కువ చేస్తున్నారు." వెనకాల ఎవరో కిసుక్కున నవ్వడం కూడా వినబడింది. మూడుసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ ఒళ్లు మండింది. చిన్నపిల్లలకి ఏం తెలుస్తుందట! అది కోడిగుడ్డులా ఉందని కనిపెట్టింది ఆ చిన్నపిల్లే. అదే టైప్ చేస్తుండగా బ్లాక్ చేసేశారు. పేజీలో నా కామెంటూ మాయం. అక్కడ అన్నీ పొగడ్తలే ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసింది.

మర్నాడు కింద షాపులో నలభై రూపాయల గ్లేజు కాగితాలు తెచ్చి, నా గాజు పెట్టి సూర్యుణ్ణి గీశాం. గాలిపటం నిలబెడితే "డైమండ్" అంది పాప, తిప్పితే "కాదు, చతురస్రం" అంది. ఈ బుద్ధి నాకు ముందే ఉంటే బావుండేది.

అన్నట్టు, ముందు డబ్బు వేయకండి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. నేను తీయలేదు. రేపు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను. ఆ వాయిస్ మెసేజ్ మాత్రం దాచుకున్నాను.