కంట్లో పొరకి ఫేకోనా, ఎస్ఐసీఎస్సా? ఏది మేలు?

ఇంట్లో పెద్దవాళ్లకి శుక్లం వచ్చిందనగానే పిల్లలు అనే మొదటి మాట, ఖర్చైనా పర్లేదు లేజర్ చేయించేద్దాం అని. కానీ మన దగ్గర చాలామంది లేజర్ అనుకునేది నిజానికి ఫేకో అనే ఆపరేషన్, అందులో శుక్లాన్ని పగలగొట్టేది అల్ట్రాసౌండ్. అసలు లేజర్ వాడేది ఫెమ్టో అని వేరే ఉంది, అది కూడా మొదటి కోతలు పెట్టి శుక్లాన్ని కొంత మెత్తబరుస్తుంది అంతే, మిగతా పని మళ్లీ ఫేకో మిషనే చేయాలి. పెద్ద ట్రయల్స్‌లో మామూలు ఫేకో కన్నా దాంతో చూపు మెరుగ్గా వచ్చిందని తేలలేదు, కాబట్టి దానికోసం అప్పు చేయాల్సిన పని లేదు.

ఇక ఫేకోలో నల్లగుడ్డు అంచున రెండు మూడు మిల్లీమీటర్ల కోత పెట్టి, శుక్లాన్ని లోపలే ముక్కలు చేసి పీల్చేసి, మడత పెట్టిన కృత్రిమ లెన్స్‌ని అదే కోతలోంచి పంపిస్తారు, అది లోపలికెళ్లి విచ్చుకుంటుంది. ఎస్ఐసీఎస్ అనేది ఆ మిషన్ లేకుండా చేత్తో చేసే రెండో పద్ధతి, అందులో తెల్లగుడ్డు మీద ఆరేడు మిల్లీమీటర్ల కోత పెట్టి గట్టి భాగాన్ని మొత్తంగా బయటికి తీస్తారు. కోత సొరంగంలా ఏటవాలుగా వెళ్తుంది కాబట్టి దానంతటదే మూసుకుంటుంది, దీనికీ మామూలుగా కుట్లు ఉండవు.

కోత చిన్నది కాబట్టి ఫేకోలో కన్ను తొందరగా తేరుకుంటుంది, సిలిండర్ పవర్ తక్కువ వస్తుంది. ఎస్ఐసీఎస్‌లో కొన్నాళ్లు ఎర్రగా ఉంటుంది, దూరానికి కూడా కళ్లజోడు పడే అవకాశం కాస్త ఎక్కువ. ఇంకా పనికెళ్లే వయసు, పొర అంత ముదరలేదు, డబ్బుకి ఇబ్బంది లేదు అంటే నేనైతే ఫేకోకే ఓటేస్తా.

కానీ మన ఊళ్లలో పెద్దవాళ్లు అలా తొందరగా రారు కదా, పొర బాగా పండాక తీయించుకోవాలి అన్న పాత మాట పట్టుకుని, మనిషి ఆనవాలు కూడా తెలియనంత వరకూ ఆగుతారు. అప్పటికి శుక్లం గోధుమ రంగుకి తిరిగి రాయిలా గట్టిపడుతుంది, దాన్ని ఫేకోతో పగలగొట్టాలంటే అల్ట్రాసౌండ్ చాలాసేపు వాడాలి, ఆ దెబ్బ కార్నియా, అంటే నల్లగుడ్డు మీదుండే పారదర్శక భాగం, లోపలి కణాలకి తగులుతుంది, ఆ కణాలేమో ఒకసారి పోతే మళ్లీ పుట్టవు. అలాంటి కంటికి, చెయ్యి తిరిగిన డాక్టర్ చేసే ఎస్ఐసీఎస్సే మేలు. ఛారిటీ హాస్పిటల్లో ఉచితంగా చేసేది అదే కాబట్టి నాసిరకం అనుకోవడం చాలా అన్యాయం, మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల లక్షల మందికి చూపు తెప్పించింది ఆ పద్ధతే. దానికి ఖరీదైన మిషన్ అక్కర్లేదు, పైగా 1992లో అక్కడే ఆరోల్యాబ్ అనే తయారీ సంస్థ పెట్టి లెన్స్‌లు ఇక్కడే తయారుచేయడం మొదలుపెట్టాక లెన్స్ కూడా పేదవాళ్లకి అందే ధరకి దిగింది.

లెన్స్ దగ్గర ఇంకో తికమక, మోనోఫోకలా మల్టీఫోకలా అని. మోనోఫోకల్‌తో మామూలుగా దూరం బాగా కనిపిస్తుంది, పేపర్ చదవడానికి అద్దాలు పెట్టుకోవాలి. మల్టీఫోకల్‌తో ఆ అవసరం చాలావరకు తగ్గుతుంది కానీ రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, మసక వెలుతురులో స్పష్టత కొంచెం తగ్గుతుంది. రాత్రి బండి నడిపేవాళ్లూ, షుగర్ వల్ల రెటీనా (కంటి వెనకుండే తెర) దెబ్బతిన్నవాళ్లూ, కంటి నరం దెబ్బతినే గ్లకోమా ఉన్నవాళ్లూ దాని జోలికి పోకపోవడమే మంచిది, ఎంత ఖరీదైన ప్యాకేజీ చూపించినా సరే. అందుకే ఆపరేషన్‌కి ముందే రెటీనా ఎలా ఉంది, కంటి ప్రెజర్ ఎంత అని అడగండి, వెనకాల జబ్బుంటే ఏ లెన్స్ వేసినా చూపు పూర్తిగా రాదు.

కొన్ని నెలలకో ఏళ్లకో మళ్లీ మసకేస్తే పొర తిరిగొచ్చిందని భయపడక్కర్లేదు, అది లెన్స్ వెనకున్న సంచి మసకబారడం, దానికి మాత్రం యాగ్ లేజర్ వాడతారు, నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో నొప్పి, ఎరుపు పెరిగి చూపు తగ్గుతుంటే అది ఇన్ఫెక్షన్ కావచ్చు, ఏ పద్ధతిలో చేయించినా సరే తెల్లారేదాకా ఆగకుండా చేసిన హాస్పిటల్‌కే తీసుకెళ్లిపోండి.