ఉత్తరం ఒకటే, నవ్వులు రెండు

పొత్తూరి విజయలక్ష్మి గారి ‘ప్రేమలేఖ’ నవలను నెల్లూరు ట్రంకు రోడ్డులో కొని, ఒక్క మధ్యాహ్నంలో చదివేసి, దాని ఆధారంగా జంధ్యాల 1984లో తీసిన ‘శ్రీవారికి ప్రేమలేఖ’ను ఆ రాత్రే మళ్ళీ చూశాను. ముక్కూ మొహం తెలియని మగవాడికి ఒక అమ్మాయి సరదాగా ఉత్తరం రాయడం, అది అందుకున్న యువకుడు ఆమెను వెతుక్కుంటూ బయలుదేరడం, రెండింటికీ మూలం ఇంతే.

నవలలోని హాస్యం ప్రధానంగా కథ చెప్పే గొంతులో ఉంది. పక్కింటి పిన్నిగారు చిక్కుడుకాయలు వలుస్తూ చెబుతున్నట్టుగా సాగే ఆ ధోరణిని కెమెరా పట్టుకోలేదు. ఆ లోటును జంధ్యాల నటులతో పూడ్చారు. తండ్రిగా సుత్తి వీరభద్రరావు ఇల్లెగిరిపోయేలా అరుస్తుంటే మొదట పొట్ట చెక్కలైనా, రానురాను ఆ అరుపులు కొంత విసిగించాయి. చూసిన సినిమాను టైటిళ్ళ దగ్గర నుంచీ ఊపిరి తీసుకోకుండా వల్లించే శ్రీలక్ష్మి మాత్రం ఎన్నిసార్లు చూసినా నవ్విస్తుంది. మ్యాట్నీ చూసి వచ్చి, వాయిలు చీర మార్చుకోకుండానే అరుగు మీద కథ మొదలుపెట్టే మా మేనత్త అచ్చంగా అంతే. వేటూరి మాటలకు రమేశ్ నాయుడు కట్టిన బాణీలు సినిమాకు దక్కిన అదనపు లాభం.

నాకు నవలే ఎక్కువ నచ్చింది, కాని నేను కొన్న ప్రతికి ఇరవయ్యో పుట దగ్గరే కుట్టు ఊడింది.