మయకోవ్‌స్కీనా, యెసేనినా: ముందు ఎవరిని చదవాలి?

ఇద్దరూ రష్యన్ కవులు, ఇద్దరూ రష్యా విప్లవాన్ని స్వాగతించినవాళ్లే. యెసేనిన్ 1895లో ర్యాజాన్ ప్రాంతంలోని ఒక పల్లెలో, రైతు కుటుంబంలో పుట్టాడు. బిర్చ్ చెట్లు, ఆవులు, గుడిసెలో ఎదురుచూసే ముసలి తల్లి ఆయన లోకం. మాట పాటలా సాగుతుంది. యంత్రాలు వచ్చి ఆ పల్లెను మింగేస్తాయన్న దిగులు విప్లవం తర్వాతి కవితల్లో కనిపిస్తుంది.

1893లో జార్జియాలో పుట్టిన మయకోవ్‌స్కీ నగరం మనిషి. గొంతెత్తి చదివేందుకు వీలుగా పంక్తులను మెట్లు మెట్లుగా విరిచాడు. అంతర్యుద్ధం రోజుల్లో రోస్తా వార్తాసంస్థ కోసం పోస్టర్లు గీసి, వాటికి పద్యాలూ రాశాడు. కవిత్వం కూడా ఒక పనే అని నిజంగా నమ్మాడు. ఆయనలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

1925 డిసెంబరులో లెనిన్‌గ్రాద్ హోటల్లో యెసేనిన్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఈ లోకంలో చావు కొత్త కాదు, బతుకూ కొత్త కాదు అని చివరి కవితలో రాశాడు. మరుసటి ఏడాది మయకోవ్‌స్కీ కవితలోనే జవాబిచ్చాడు: చావడం కష్టం కాదు, బతుకును నిర్మించడమే ఎక్కువ కష్టమని. 1930 ఏప్రిల్ 14న ఆయనా ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ రెండు కవితలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే గుండె బరువెక్కుతుంది.

అనువాదంలో చదివేవాళ్లు ముందు మయకోవ్‌స్కీని పట్టుకోండి. యెసేనిన్ సంగీతం భాష దాటేటప్పుడు చాలావరకు జారిపోతుంది. రష్యన్ వస్తే మాత్రం యెసేనినే ముందు.